స్వామిని అడగని మాట

ఇరవై రెండేళ్లుగా నేను మనుషుల్ని ఒకే ప్రశ్న అడిగి బతుకుతున్నాను. విరేచనం ఎలా అవుతోంది? రంగేమిటి, రోజుకెన్నిసార్లు, రక్తమేమైనా కనబడిందా? ఐరిష్ రైతుల్ని అడిగాను, రిటైరైన జడ్జిని అడిగాను, ఒక బిషప్పుని కూడా అడిగాను. బిషప్పుకి చెవులు ఎర్రబడ్డాయి గానీ జవాబు మాత్రం చెప్పాడు. ఆ విషయంలో నాకు సిగ్గు ఎప్పుడో చచ్చిపోయిందనుకునేదాన్ని.

నా ఉద్యోగం పేరు క్లినికల్ ఎండోస్కోపిస్టు. అంటే డాక్టర్ని కాదు, నర్సునే. కానీ కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని పెద్దపేగులోకి పంపి చూసేది నేను, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపేది నేను. తెనాలిలో మా అమ్మ చుట్టుపక్కల వాళ్లకి "మా పుష్పవతిది కెమెరా పని" అని చెప్పుకుంటుంది. పెళ్లి ఫొటోలు తీస్తాననుకుంటారు జనం. అననీ, ఉన్న విషయం చెబితే భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోరు.

2020 మార్చిలో కోవిడ్ వచ్చి మా గదికి తాళం పడింది. మళ్లీ తెరిచాక కూడా మునుపటిలా లేదు. ఒక్కొక్క మనిషి వెళ్లాక గది అరగంట ఖాళీగా ఉంచి, తుడిచి, మళ్లీ మొదలుపెట్టాలి. రోజుకి పన్నెండు మందిని చూసే చోట ఐదుగురు. మూడు వందల మంది ఉన్న లిస్టు నవంబరు నాటికి పదకొండు వందలు దాటింది. వాళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చడం కూడా నా పనే. పదకొండు వందల మందిలో ఒక నలభై మందికి లోపల క్యాన్సర్ ఉంటుందని లెక్క. ఆ నలభై మంది ఎవరో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. 

అందుకని ఒక జల్లెడ పెట్టుకున్నాం. లిస్టులో ఉన్నవాళ్ల ఇంటికి ఒక కవరు పంపిస్తాం. అందులో చిన్న ఆకుపచ్చ గొట్టం, దాని మూతకి ఒక పుల్ల. ఆ పుల్లని మలానికి తాకించి, గొట్టంలో పెట్టి, పోస్టులో వెయ్యాలి. కంటికి కనబడని రక్తం ఉన్నా ల్యాబులో పట్టేస్తారు. రక్తం ఉంటే ముందుకి, లేకపోతే వెనక్కి.

ఇక మహీధర్ సంగతి చెప్పాలి. ఐర్లండ్‌లో మేముండే లీక్స్‌లిప్ ఊళ్లో, మా కాలనీలోనే ఉంటాడు. కరీంనగర్ మనిషి, చిప్‌ల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇంజనీరు. పదేళ్ల క్రితం భార్య శ్రీలేఖ నిండు గర్భిణిగా ఉన్నప్పుడు వీళ్లకి ఇల్లు దొరక్క మా ఇంట్లో మూడు నెలలున్నారు. వాళ్ల సుధేష్ణ పుట్టాక మొదటిసారి నీళ్లు పోసింది నేను. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఆ లోటు వాడు తీర్చాడు. "ఒరేయ్ మహీ" అంటే "ఏందక్కా" అని వచ్చేసేవాడు.

ఆ సెప్టెంబరులో గేటు దగ్గర నిలబడి నసిగాడు. "అక్కా, దొడ్డికి పోతే అప్పుడప్పుడు రక్తం పడుతుంది. పైల్సే అయి ఉంటది గదా?"

మనవాళ్లందరికీ ఇదొక అలవాటు. ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, జీపీ దగ్గరికి వెళ్లరు, నాకు చెబుతారు. నేను "ఏం కాదులే" అంటే వాళ్లకి వైద్యం అయిపోయినట్టే. నేను అనలేదు. తిట్టి జీపీ దగ్గరికి పంపించాను. జీపీ మాకు ఉత్తరం రాశాడు: నలభై నాలుగేళ్లు, అప్పుడప్పుడు రక్తం, బహుశా పైల్స్. మహీధర్ పేరు లిస్టులోకి వచ్చింది. కవరు వాళ్లింటికి వెళ్లింది.

కవరు వెళ్లేసరికి వాడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. విమానాలు లేవు, శబరిమల వెళ్లే దారి లేదు. అయినా జనవరిలో జ్యోతి దాకా దీక్ష చేస్తానన్నాడు. నల్లబట్టలు, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. మాలలో ఉన్నవాళ్లు ఆడవాళ్లందరినీ "మాతా" అంటారు. నన్నూ అలాగే పిలిచాడు. నేను ఆదివారం చర్చికి వెళ్లేదాన్ని, వాళ్ల నియమాలు నాకు సరిగ్గా తెలియవు. నా నోటి నుంచి ఏ తప్పు మాట వస్తుందోనని భయం. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాడిని "స్వామీ, మీరు" అన్నాను.

డిసెంబరు పదిన రిపోర్టు వచ్చింది. రక్తం లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా చేత్తోనే వాడి పేరుని అర్జెంటు వాళ్ల ఎర్ర గడిలోంచి తీసి మామూలు గడిలోకి మార్చాను. మధ్యాహ్నం వీడియో కాల్ చేశాను. సుధేష్ణ ఎత్తింది. వాళ్ల నాన్న ఎలా ఉన్నాడంటే "డాడ్ ఈజ్ గ్రాండ్, ఆంటీ" అని ఫోను తీసుకెళ్లి వాడికిచ్చింది. వెనక దీపం వెలుగుతోంది, పటానికి దండ వేసి ఉంది. వాడి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"బాగా చిక్కిపోయారు స్వామీ."

"ఒంటిపూట భిక్ష గదా మాతా, ఇట్లనే ఉంటది."

మీ మలం రిపోర్టు వచ్చింది అనాలి. అనలేకపోయాను. నుదుటిన విభూతి, మెడలో మాల, వెనక దేవుడు. బిషప్పుని అడిగినదాన్ని, నా తమ్ముడి దగ్గర నోరు పెగల్లేదు. "శ్రీలేఖకివ్వండి" అన్నాను. శ్రీలేఖ ఫోను వంటింట్లోకి తీసుకెళ్లింది.

"రిపోర్టు బాగుందమ్మా, రక్తం లేదు. పేరు లిస్టులోనే ఉంటుంది గానీ తొందరేం లేదు."

"రక్తమా?" అని అడిగింది. తర్వాత "సరే అక్కా" అంది. సంతోషంతో తడబడిందనుకున్నాను. రోగి ఫలితం రోగికే చెప్పాలి, ఇంట్లో వాళ్లకి కాదు. ట్రైనింగులో మొదటిరోజు నేర్పే మాట అది. ఐరిష్ భార్యలు ఫోన్ చేసి "మా ఆయన రిపోర్టేమైంది" అంటే కుదరదని ఎన్నిసార్లు పెట్టేశానో. మనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ రూలు నాకు గుర్తే రాలేదు.

జనవరిలో కోవిడ్ ఊళ్లకి ఊళ్లనే కమ్మేసింది. మా గది మళ్లీ మూసి, మమ్మల్ని వార్డులకి పంపారు. ఐదు వారాలు ఆక్సిజన్ గొట్టాల మధ్య తిరిగాను. లిస్టు సంగతి తలుచుకునే ఓపిక కూడా లేకపోయింది. ఫిబ్రవరిలో తిరిగి వచ్చాను.

ఒక శనివారం మధ్యాహ్నం శ్రీలేఖ ఫోన్ చేసింది. మహీధర్ ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకునే గదిలో పడిపోయాడట. జీపీ రక్తం పరీక్ష చేయిస్తే పదమూడు ఉండాల్సిన హీమోగ్లోబిన్ ఏడున్నర ఉందట. "నీతోని మాట్లాడాలె అక్కా, జర ఇంటి ముందుకొస్తవా?" అంది.

అప్పట్లో ఒకరింట్లోకి ఒకరు వెళ్లకూడదు. ఆమె గుమ్మంలో నిలబడింది, నేను గేటు బయట. మధ్యలో తడిసిన గడ్డి. గట్టిగా మాట్లాడితే తప్ప వినబడదు. తెలుగులో కాబట్టి ఎవరికీ అర్థం కాదు. పక్కింటి కెవిన్ చెత్త డబ్బా లాక్కుపోతూ మాకు చెయ్యి ఊపాడు. ఇద్దరం నవ్వి చేతులూపాం. అతను లోపలికి వెళ్లగానే ఆమె ఏడ్చింది.

"ఆ టెస్టు ఆయనది కాదక్కా."

"ఏంటి?"

"ఆయన పంపలే. నాది పంపిన."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక "ఎందుకే?" అన్నాను.

"మాలల ఉన్న, గసుంటిది ముట్టనన్నడు. జ్యోతి అయినంక ఇస్తనన్నడు. రెండు వారాలల్ల పంపకుంటే లిస్టుల నుంచి పేరు తీసేస్తమని కాయితంల రాసి ఉండె. నాకు భయమైంది. ఒకటే ఇల్లు, ఒకటే కూర తింటున్నం. కోవిడప్పుడు ఇంట్ల ఒక్కలకు వస్తే అందరికి వచ్చినట్టే అన్నరు గదా? ఇది గూడ గట్లనే కడుపుల క్రిమి టెస్టనుకున్న."

"ఎమ్మెస్సీ చదివావు కదే!" అని అరిచాను. "క్రిమేంటే? నెత్తురే అది, వాడి నెత్తురు!"

"నువ్వు రక్తం లేదన్నవు సూడు, అప్పుడు సమజైంది. గా మాట అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలే. జ్యోతి అయినంక ఇంకో కవరు అడుగుదమనుకున్న. గంతల అంత బందైంది, నువ్వు కోవిడ్ వార్డుకు పోయినవు. ఆయనకు తెల్వదక్కా. నీ కాళ్లు మొక్కుత, ఆయనకు చెప్పకు."

ఆమెని ఇంకా తిట్టాలనిపించింది. కొట్టాలని కూడా అనిపించింది. కానీ నాలో ఇంకో గొంతు ముందే మొదలైంది. ఆ రోజు ఫోను వాడి చేతిలో ఉంది. "ఒరేయ్, నీ రిపోర్టు వచ్చింది" అని ఒక్క మాట అంటే చాలు, "నేనింకా ఇయ్యలే గదా అక్కా" అనేవాడు. అంతటితో బయటపడేది.

సోమవారం పొద్దున్నే బుకింగ్ చూసే షివోన్ బల్ల ముందు నిలబడ్డాను. అర్జెంటు కేసులకే మూడు వారాలు పడుతుందంది. ఎవరినైనా జరపమన్నాను. "ఎవరిని జరపను, నువ్వే చెప్పు" అని స్క్రీన్ నా వైపు తిప్పింది. డెబ్భై ఒక్క ఏళ్ల ఆవిడ, బరువు పన్నెండు కిలోలు తగ్గింది. ముప్పై ఎనిమిదేళ్లవాడు, తండ్రి ఇదే జబ్బుతో పోయాడు. ఒక్కొక్కరినీ అక్కడ పెట్టింది నేనే. ఒక్క పేరు కూడా జరపలేకపోయాను. రోజూ నాలుగుసార్లు షివోన్ దగ్గరికి వెళ్లేదాన్ని, నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేది.

బుధవారం సాయంత్రం తనే ఫోన్ చేసింది. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి రావాల్సిన ఒక రైతుకి కోవిడ్ పాజిటివ్ వచ్చింది. ఆ కబురు విని "థాంక్ గాడ్" అన్నాను. పాపం ఆ ముసలాయన ఎవరో, ఆయనకి జ్వరం వస్తే నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. అంత దిగజారిపోయాను.

గురువారం శ్రీలేఖ కారు నడుపుకొచ్చింది. లోపలికి రానివ్వరు కాబట్టి పార్కింగులోనే ఉండిపోయింది. మహీధర్ గౌను వేసుకుని మంచం మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. మాల ఎప్పుడో తీసేశాడు. మెడ మీద ఎముకలు కనబడుతున్నాయి.

"ఒరేయ్ మహీ, ఇది సొంత మనుషులు చేయకూడదు. ఇంకొకరు కావాలంటే వచ్చే వారం దాకా ఆగాలి" అన్నాను.

"నువ్వే చెయ్యక్కా. నీ మొహం నేను చూడ, నా మొహం నువ్వు చూడకు. పని కానియ్యి."

మత్తు వద్దన్నాడు. తన కళ్లతో చూస్తానన్నాడు. నేను గౌను, రెండు మాస్కులు, కళ్లకి అద్దాలు, పైన ఇంకో ప్లాస్టిక్ తెర తొడుక్కుని ఉన్నాను. ఇన్ని తొడుక్కున్నా ఏమీ తొడుక్కోనట్టే ఉంది. గొట్టం లోపలికి పంపాను. నొప్పికి మంచం కడ్డీ పట్టుకున్నాడు.

ముప్పై సెంటీమీటర్ల దగ్గర అది కనబడింది. ఎర్రగా, గరుకుగా, పేగు చుట్టూ పెరిగి దారి మూసేసింది. మధ్యలో చిటికెనవేలు కూడా పట్టని సందు. గొట్టాన్ని ఇటు తిప్పాను, అటు తిప్పాను, గాలి ఊదాను. పోదని తెలిసీ మూడుసార్లు ప్రయత్నించాను. పక్కనున్న నర్సు నా మోచెయ్యి తాకింది, చాలని.

వాడు స్క్రీన్ వైపే చూస్తున్నాడు.

"గదేనా అక్కా?"

ఇలాంటప్పుడు చెప్పడానికి మాకొక వాక్యం ఉంటుంది. ముక్క తీసి పంపాం, ల్యాబు చెప్పేదాకా ఏమీ అనలేం. కొన్ని వందల మందికి ఆ వాక్యం చెప్పాను. వాడికి చెప్పలేకపోయాను.

"అదేరా" అన్నాను.

ఆరు ముక్కలు తీశాను. ఎవరికో తీసినట్టే తీశాను. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

గంట తర్వాత రికవరీ గదిలో వాడి మంచం దగ్గరికి వెళ్లాను. టీ, టోస్టు ముందు పెట్టుకుని ముట్టకుండా కూర్చున్నాడు. మంచం చుట్టూ తెర మూశాను. సోమవారం స్కాన్ ఉంటుందని, అది కాలేయం దాకా పోయిందో లేదో అప్పుడు తెలుస్తుందని, ఆపరేషన్ సంగతి ఆ తర్వాతేనని చెప్పాను. అన్నిటికీ తల ఊపాడు. తర్వాత టీ కప్పు వైపు చూస్తూ మాట్లాడాడు.

"డిసెంబర్ల మీ ఉత్తరం వచ్చింది, నా పేరు మీద. శ్రీలేఖ దాన్ని వంటింటి అల్మరల గిన్నెల ఎనుక దాచింది. నేను చూసిన. అంతా నార్మల్ అని ఉంది. నేనియ్యకుండ నార్మల్ ఎట్లొచ్చిందో అప్పుడే సమజైంది, లేఖ తనది పంపిందని."

నేను మంచం అంచు మీద కూర్చుండిపోయాను.

"తెలిసి ఊరుకున్నావా?"

"భయమైందక్కా. టెస్టు ఇస్తే ఏం చెప్తరో అని. మాల ఒక సాకు దొరికింది నాకు. ముట్టద్దు, ముట్టద్దు అన్న. మా గురుస్వామిని అడిగితే ఏమనేటోడో తెల్సా? ముందు దవఖానకు పో అనేటోడు. అందుకే అడగలే. ఆ ఉత్తరం చూసినంక హాయిగ నిద్రపోయిన. అది నాది కాదని తెల్సి గూడ." కళ్లు తుడుచుకున్నాడు. "లేఖ తన వల్లనే అని కుమిలిపోతుంది, నాకు ఎరుకే. కని నాకు తెల్సని దానికి చెప్పకు. నేను గింత పిరికోన్నని చెప్పకు."

ఆ గుమ్మంలో ఆమె చెప్పొద్దంది. ఈ మంచం మీద వీడు చెప్పొద్దంటున్నాడు. ఒకే ఇంట్లో, ఒకే కూర తింటూ, రెండు నెలలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఇద్దరూ నోరు మూసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. అక్కడ ముగ్గురం ఉన్నాం, నోరు మూసుకున్నవాళ్లం. వాళ్ల సాకు భయం. నాది మర్యాద.

"నేను ఎవరికీ ఏమీ దాచను" అన్నాను. "నీకు ఎన్ని రోజులున్నాయో నాకు తెలియదురా. వందేళ్లు కావచ్చు, ఏడాది కావచ్చు. అన్ని రోజులూ ఇలా దొంగల్లా బతుకుతారా?" శ్రీలేఖ నంబరు నొక్కి ఫోను వాడి చేతిలో పెట్టాను.

పార్కింగులో ఆమె మొదటి రింగుకే ఎత్తింది. "ఏమైందక్కా, ఏమున్నది?" అన్న అరుపు నాకు స్పష్టంగా వినబడింది. వాడు నా వైపు చూశాడు. నేను కదల్లేదు.

"నేనే లేఖా" అన్నాడు. "ఉన్నది. క్యాన్సరే అంటున్నరు. ఏడ్వకు, విను. ఆ ఉత్తరం నేను డిసెంబర్లనే చూసిన. నీది పంపినవని తెల్సు నాకు. తెల్సే ఊకున్న."

అవతల నుంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపో, వాడి మీద కోపమో నాకు తెలియలేదు. వాడు ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని "అవును... అవును... నువ్వు కాదు, నేనే" అంటూ ఉన్నాడు. నేను తెర తీసుకుని బయటికొచ్చాను.

రెండో కేసుకి ఇంకా పది నిమిషాలుంది. కంప్యూటర్ ముందు కూర్చుని రిపోర్టు మొదలుపెట్టాను. ఎక్కడుంది, ఎంతుంది, గొట్టం ఎందుకు దాటలేదు. ఇవన్నీ వేళ్లు వాటంతట అవే కొడతాయి. చివర్లో ఆలస్యానికి కారణం రాసే చోటుంది. డిసెంబరు నాటి శాంపిల్ రోగిది కాదని రాశాను. అంతవరకు రాసి ఆపేయొచ్చు. అది అబద్ధం కాదు, ఎవరూ నన్ను ఏమీ అడగరు. ఉద్యోగం, రిజిస్ట్రేషన్, ఇరవై రెండేళ్ల మంచి పేరు అన్నీ అలాగే ఉంటాయి.

గాజు తలుపు అవతల తరవాతి మనిషిని చక్రాల కుర్చీలో తీసుకొస్తున్నారు. డెబ్భై ఒక్క ఏళ్ల ఆవిడ. మాస్కు మీంచి కళ్లతోనే నన్ను చూసి నవ్వింది. ఇంకో నిమిషంలో వెళ్లి ఆవిడని అన్నీ అడగాలి, సిగ్గులేకుండా.

ఇంకో రెండు వాక్యాలు కొట్టాను. ఫలితాన్ని ఫోనులో రోగి భార్యకు చెప్పింది నేను. రోగి ఎదురుగానే ఉన్నా అతన్ని ఏమీ అడగలేదు. కింద నా పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాసి పంపించేశాను.